అవకాశం ముందా, అర్హత ముందా?

శ్రేష్ఠమైన వేణువులను ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నను అరిస్టాటిల్ తన 'రాజనీతి' గ్రంథంలో చర్చించాడు. కులీనులకా, రూపవంతులకా, సంపన్నులకా? వీరెవరికీ కాదు, అందరికంటె బాగా వాయించగలవారికే ఇవ్వాలన్నది ఆయన తీర్పు. అదే తత్త్వవేత్త నీతిశాస్త్రాన్ని గురించి రాసిన మరొక గ్రంథంలో, ఇళ్లు కడుతూ కడుతూ మనిషి తాపీపనివాడవుతాడనీ, వాద్యం వాయిస్తూ వాయిస్తూ వాద్యకారుడవుతాడనీ అన్నాడు. ఈ రెండు అభిప్రాయాలనూ విడివిడిగా చదివినప్పుడు పేచీ ఏమీ లేదు. పక్కపక్కన పెట్టి చూస్తేనే చిక్కు బయటపడుతుంది. వేణువు బాగా వాయించేవానికే దక్కాలి. వేణువు చేతికి వస్తేనే గాని బాగా వాయించడం అలవడదు. ఇంతవరకు వాయించనివాని సంగతి ఏమిటి? అతని చేతికి మొదటి వేణువును ఎవరు ఇవ్వాలి, ఏ ఆధారంతో ఇవ్వాలి?

ఇది తర్కశాస్త్రంలోని చమత్కారం కాదు. ఉద్యోగ నియామకాలలో, సంగీత సభలలో, న్యాయస్థానాలలో కొత్త న్యాయవాదికి వకాల్తా ఇచ్చే వేళ, శస్త్రచికిత్స గదిలో యువ వైద్యునికి కత్తి అందించే వేళ ఇది నిత్యం ఎదురయ్యే సమస్యే. అయితే ఈ రంగాలలో నిర్ణయాలు చాలావరకు గోడల మధ్య జరుగుతాయి. ఎవరికి అవకాశం ఇచ్చారో తెలుస్తుంది గాని ఎవరికి ఇవ్వలేదో తెలియదు. ఆటస్థలంలో మాత్రం నిర్ణయం పట్టపగలు, వేలాది మంది సమక్షంలో జరుగుతుంది. అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌లో 'రిసీవర్' అనే ఆటగాని విషయంలో ఈ ప్రశ్న మరింత నిష్కర్షగా రూపు కడుతుంది. మనకు అంతగా పరిచయం లేని ఆట కనుక రెండు మాటలు చెప్పడం అవసరం.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన గుండ్రని బంతి ఆట కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతితో, జట్టుకు పదకొండు మంది చొప్పున ఆడే ఆట. బంతి తమ వశంలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. దూరంగా పరుగెత్తి దాన్ని అందుకోవలసినవాడు రిసీవర్. ఆ పరుగు ఇష్టం వచ్చినట్లు సాగేది కాదు. ఎన్ని అడుగులు వేయాలో, ఎక్కడ మలుపు తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. చాలా సందర్భాలలో బంతి క్వార్టర్‌బ్యాక్ చేతిని విడిచే సమయానికి రిసీవర్ ఇంకా వెనుదిరిగి చూసి ఉండడు. తాను చేరబోయే చోటికి బంతి వస్తుందని అతడు, బంతి చేరే చోటికి అతడు వస్తాడని ఇతడు నమ్మాలి. రిసీవర్ ఒక్క అడుగు ముందుగా తిరిగినా ఆ బంతి ప్రత్యర్థి చేతిలో పడుతుంది. చూసేవారికి తప్పు విసిరినవానిదిగానే కనిపిస్తుంది. తన పొరపాటుకు మరొకరు మాట పడే స్థానం అది. కొత్తవాడిని అక్కడ నిలబెట్టడానికి శిక్షకులు వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు.

మరి వారు ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తారు? సాధనలో చూసి నిర్ణయిస్తామని అందరూ చెప్పే జవాబు. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. సాధనలో బంతి పట్టగలడో లేదో తెలుస్తుంది. పంథా తప్పకుండా పరుగెత్తుతాడో లేదో తెలుస్తుంది. బంతి తనవైపు రాని సందర్భంలో తోటివాని కోసం ప్రత్యర్థికి అడ్డు నిలుస్తాడా, లేక చేతులు వేలాడేసుకొని నిలబడతాడా అన్నది కూడా తెలుస్తుంది. ఈ చివరిదానికి శిక్షకులు చాలా విలువ ఇస్తారు. పేరు రాని పని శ్రద్ధగా చేసేవాడిని నమ్మవచ్చునని వారి లెక్క. బంతిని తన్నే ఘట్టాలలో పరుగెత్తి ప్రత్యర్థిని నిలువరించే ప్రత్యేక దళంలో కొత్తవారిని ముందుగా వాడేదీ అందుకే. కాని మైదానం నడుమ బంతి కోసం రెండు చేతులూ పైకి చాచినప్పుడు, పక్కనుంచి ఒక బలశాలి వచ్చి ఢీకొంటాడని తెలిసి కూడా కళ్లు బంతి మీదనే నిలపగలడా? ఇది ఏ సాధనలోనూ తేలదు. సొంత జట్టువాడు సొంత జట్టువాడిని అంత కసిగా కొట్టడు. తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఆటలోనే తెలుస్తుంది, ఆటలోకి రావాలంటే అది ముందే తెలిసి ఉండాలి.

ఈ చిక్కును తప్పించుకోవడానికి ఆచారంలో ఒక మార్గం ఏర్పడింది. ఫలితం తేలిపోయిన ఆట చివరి నిమిషాలలో కొత్తవారిని దింపుతారు. అది మంచి పద్ధతే, కాని అందులో ఒక అన్యాయం దాగి ఉంది. గెలుపు ఖాయమైన తరువాత పట్టిన బంతికి విలువ కట్టరు. గెలుపు తేలని వేళ ఆడనివ్వరు. అటువంటి నిమిషాలలో విఫలమైతే మాత్రం, ఇంత తేలిక వేళలోనే చేతకానివాడు రేపు ఏం చేస్తాడన్న మాట వస్తుంది. సఫలమైతే లాభం స్వల్పం, విఫలమైతే నష్టం సంపూర్ణం. ఇటువంటి పరీక్షను పరీక్ష అనడానికి నాకు మనస్కరించదు.

నిబంధనలు చేసేవారు కూడా ఈ ప్రశ్నతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌లో మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనివ్వడం 1972లో గాని మొదలుకాలేదు. నాలుగేళ్ల ఆటను అయిదేళ్లలో ముగించుకొనే వెసులుబాటు ఉండేది కనుక, ఒక ఏడాది ఆడించకుండా కూర్చోబెట్టి నేర్పే సంప్రదాయం పెరిగింది. ఆ ఏడాది ఒక్క ఆటలో అడుగు పెట్టినా వెసులుబాటు పోతుందన్న భయంతో శిక్షకులు కుర్రవాళ్లను అసలే దింపేవారు కాదు. 2018లో చేసిన సవరణతో నాలుగు ఆటల వరకు ఆడినా ఆ ఏడాది లెక్కలోకి రాకుండా చేశారు. చిన్న సవరణే గాని దాని వెనుక ఉన్న ఆలోచన పెద్దది: మనిషిని పరీక్షించడానికి చెల్లించవలసిన మూల్యాన్ని తగ్గించడం. మరి మూడేళ్లకు, 2021లో, ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారిన ఆటగాడు ఏడాదిపాటు ఖాళీగా కూర్చోవలసిన పని లేకుండా ఒకసారి మారే వీలు కల్పించారు. దానితో ఓపిక పట్టమని చెప్పే అధికారం శిక్షకునికి సన్నగిల్లింది. ఓపిక పట్టమన్న మాటకు కారణం చెప్పవలసిన అగత్యం పెరిగింది. ఈ రెండవది మేలే జరిగిందని నేననుకుంటాను.

శిక్షకుని పక్షాన కూడా ఆలోచించాలి. అతని ఉద్యోగం గెలుపోటముల మీద నడుస్తుంది. అనుభవజ్ఞుడైన ఆటగాడు బంతిని జారవిడిచి ఆట పోతే, నింద ఆ ఆటగానిది. కొత్తవాడు జారవిడిచి ఆట పోతే, నింద అతన్ని దింపిన శిక్షకునిది. తప్పు ఒకటే, తీర్పులు రెండు. ఈ తూకం తెలిసినవాడు అనుభవం వైపే మొగ్గుతాడు. జట్టుకు ఏది మేలన్న ప్రశ్న, ఏ నిర్ణయం తీసుకుంటే నన్ను ఎవరూ వేలెత్తి చూపరన్న ప్రశ్నగా తెలియకుండానే మారిపోతుంది. కచేరీలలో పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. క్లిష్టమైన ఫైలు ఎప్పుడూ ఒకే గుమాస్తా బల్ల మీదకు పోతుంది, అతడు 'నమ్మకస్తుడు' కనుక. పక్క బల్ల వద్ద కూర్చున్నవాడికి ఆవక-జావక రిజిస్టరు మిగులుతుంది. పదేళ్లు గడిచిన తరువాత అతని పదోన్నతి ప్రస్తావన వచ్చినప్పుడు, క్లిష్టమైన ఫైళ్లు చూసిన అనుభవం లేదని రాస్తారు. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. దాన్ని నిజం చేసినవారే దాన్ని రాస్తున్నారు, అంతే.

ఈ భయాన్ని కొంత జయించిన శిక్షకునిగా శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టును నడిపిన బిల్ వాల్ష్‌ను చెప్పుకోవచ్చు. 1979లో ఆయన స్టీవ్ ఫుల్లర్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను పరిశీలించడానికి క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఫుల్లర్ విసిరే బంతులు పట్టడానికి ఎవరో ఒకరు కావాలి గనుక డ్వైట్ క్లార్క్ అనే రిసీవర్ వచ్చాడు. వాల్ష్ కళ్లు విసిరేవాని నుంచి పట్టేవాని మీదకు మళ్లాయి. ఆ ఏడు ఆటగాళ్ల ఎంపికలో, ఎవరూ పట్టించుకోని పదవ విడతలో, క్లార్క్‌ను తీసుకున్నాడు. 1982 జనవరిలో డల్లాస్ జట్టుతో జరిగిన ఆట ఆఖరి నిమిషంలో అతడు గాలిలోకి ఎగిరి పట్టిన బంతి ఆ క్రీడా చరిత్రలో ప్రసిద్ధమైంది. ఇక్కడ వాల్ష్ దృష్టిని మెచ్చుకోవలసిందే. అయితే క్లార్క్‌కు అవకాశం వచ్చిన తీరులో యాదృచ్ఛికత ఎంత ఉందో కూడా చూడాలి. ఆనాడు ఫుల్లర్ మరొకరిని తోడు తెచ్చుకొని ఉంటే?

నా దృష్టిలో ఇంతకంటె విచారణీయమైనది జెర్రీ రైస్ ఉదంతం. అతడు మిసిసిపీ రాష్ట్రంలో ఒక తాపీమేస్త్రీ కుమారుడు. నిచ్చెన మీద నిలబడి అన్నదమ్ములు విసిరిన ఇటుకలను పట్టుకోవడంతో చేతులు బిగిశాయని చెబుతారు. చదివింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో. అక్కడ అతడు సాధించిన అంకెలు అబ్బురపరిచేవే అయినా, బలహీనుల మీద సాధించినవని పెదవి విరిచినవారు ఉన్నారు. వాల్ష్ 1985లో అతన్ని పదహారవ ఎంపికగా, అందుకోసం మరో జట్టుతో మారుబేరం చేసి మరీ, తెచ్చుకున్నాడు. ఆ ఏడాది జనవరిలోనే ఫార్టీనైనర్స్ జాతీయ విజేతగా నిలిచింది. గెలుస్తున్న జట్టులో కొత్తవానికి చోటు కల్పించడం ఓడుతున్న జట్టులో కల్పించడం కంటె కష్టం. అక్కడ పోగొట్టుకొనేది ఎక్కువ.

రైస్ తొలి నెలలలో, చేతికి అందిన బంతులను పదే పదే జారవిడిచాడు. సొంత మైదానంలో సొంత ప్రేక్షకులే గేలి చేశారు. వాల్ష్ అతన్ని ఆడిస్తూనే వచ్చాడు. డిసెంబరు 9న లాస్ ఏంజెలస్ రామ్స్ జట్టుతో జరిగిన ఆటలో రైస్ 10 బంతులు పట్టి 241 గజాలు సాధించాడు. అంతవరకు ఆ జట్టు చరిత్రలో ఎవరూ ఒక్క ఆటలో అంత దూరం సాధించలేదు. ఆ రాత్రి ఆటలో మాత్రం ఫార్టీనైనర్స్ ఓడిపోయింది. తరువాతి కథ అందరికీ తెలిసినదే. 20 సీజన్లు, 1,549 బంతులు, 22,895 గజాలు. రిసీవర్లలో అతనితో పోల్చదగినవాడు లేడని నేటికీ అంటారు.

ఈ కథను ఓపికకు ప్రతిఫలంగా చెప్పడం పరిపాటి. చరిత్ర చదువుకున్నవానిగా నాకు అక్కడే అభ్యంతరం. ఇది ఫలితం తెలిసిన తరువాత చెప్పుకొనే కథ. తొలి నెలలలో బంతులు జారవిడిచి, మళ్లీ అవకాశం దొరక్క కనుమరుగైనవారి పేర్లు మన ముందు లేవు. అవకాశం మళ్లీ మళ్లీ దొరికినా ఏమీ సాధించలేకపోయినవారి పేర్లు కూడా లేవు. రైస్ చివరకు విఫలుడై ఉంటే, వాల్ష్ ఓపికను మొండితనం అని ఉండేవాళ్లం. నిర్ణయంలో మాత్రం అణువంత తేడా లేదు. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్త్వవేత్తలు 1976లో 'నైతిక అదృష్టం' అన్న పేరుతో చర్చించింది ఈ సమస్యనే. మన చేతిలో లేని ఫలితాన్ని బట్టి మన నిర్ణయం మంచిచెడ్డలను నిర్ణయించడం సబబేనా? సబబు కాదని బుద్ధి చెబుతుంది. అయినా లోకం అలాగే తీర్పు చెబుతుంది, మనమూ అలాగే చెబుతాం.

కాబట్టి వాల్ష్ నిర్ణయాన్ని మెచ్చుకోవాలంటే 1985 డిసెంబరు తరువాతి సంగతులను పక్కన పెట్టి మెచ్చుకోగలగాలి. అక్టోబరులో, బంతులు జారుతున్న రోజులలో, ఆయనకు తెలిసినదేమిటి? రైస్ పరుగు పంథాలు సరిగానే ఉన్నాయి. ప్రత్యర్థులను దాటి ఖాళీ చోటుకు చేరుతున్నాడు. తప్పు చిట్టచివరి క్షణంలో జరుగుతోంది. వాల్ష్ ఆట పద్ధతి ఆ రోజులలో చాలా సంక్లిష్టమైనది. ఒక్కొక్క రిసీవరు కంఠస్థం చేయవలసిన పంథాలు అనేకం. చిన్న కళాశాల నుంచి వచ్చిన కుర్రవాడు బంతి చేతికి అందకముందే తరువాతి అడుగును గురించి ఆలోచిస్తున్నాడు. ఆలోచన చేతులను బిగదీస్తోంది. ఇది చేతకానితనం వల్ల వచ్చిన తప్పు కాదు, నేర్చుకుంటున్నందువల్ల వచ్చిన తప్పు. నేర్చుకోవడం పూర్తి కాగానే ఇది తగ్గుతుంది. అసలు శక్తి లేనందువల్ల వచ్చే తప్పు అభ్యాసంతో తగ్గదు. బయటికి రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి, బంతి నేల మీద పడుతుంది. వాటిని వేరు చేసి చూడగలగడమే శిక్షకుని విద్య. ప్రేక్షకునికి ఆ భేదం తెలియనవసరం లేదు. నిర్ణయాధికారం ఉన్నవానికి తెలియకపోతే మాత్రం ఆ అధికారానికి అర్థం లేదు.

అందుచేత అవకాశం అన్న మాటను మనం తప్పుగా లెక్కిస్తున్నామని నా అభిప్రాయం. మొదటిసారి దింపడాన్ని అవకాశం అంటాము. అది వట్టి ఆరంభం. మొదటి తప్పు జరిగిన తరువాత రెండవసారి దింపారా లేదా అన్నదాన్ని బట్టి అది అవకాశమో కాదో తేలుతుంది. ఒక్క తప్పుకు తెర పడే అవకాశంలో మనిషి తప్పు చేయకుండా ఉండడానికి ఆడతాడు, ఆట కోసం ఆడడు. అటువంటివానిని చూసి అతని శక్తిని అంచనా వేయడం సాధ్యం కాదు.

అలాగని కొత్తవానికి అడిగినంత ఇవ్వాలనే వాదం కూడా చెల్లదు. ఎందుకంటే తప్పుల మూల్యం చెల్లించేది అవకాశం ఇచ్చినవాడు కాదు. మహాభారతంలో పదమూడవ నాటి యుద్ధం తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోవడం తెలుసును గాని వెలికి రావడం తెలియదని అభిమన్యుడు స్పష్టంగానే చెప్పాడు. వెన్నంటి వస్తామని ధర్మరాజు, భీముడు మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుపడగా రాలేకపోయారు. పిన్న వయసువానికి మహావీరులతో పోరాడే అవకాశం దక్కిందని ఆ ఘట్టాన్ని వర్ణించవచ్చునా? ధర్మరాజుకు చెడు ఉద్దేశం లేదు, గత్యంతరం కూడా లేదు. అయినా తెలియనిదేదో తెలియదని చెప్పినవానిని ముందుకు పంపినప్పుడు, వెనుక నిలబడే శక్తి తమకు ఉన్నదా అని పంపినవారే మొదట తేల్చుకోవాలి. మాట ఇవ్వడం వేరు, మాట నిలుపుకొనే ఏర్పాటు వేరు. గాయపడే ప్రమాదం ఉన్న ఆటలో పద్దెనిమిదేళ్ల కుర్రవానిని పెద్దల మధ్య నిలబెట్టే శిక్షకునికి కూడా ఇది వర్తిస్తుంది. అతన్ని దింపకపోవడం కొన్నిసార్లు అతని పట్ల చూపే దయే.

పంపడమా, ఆపడమా అన్న ఈ ద్వంద్వం నుంచి బయటపడే దారి ఒకటి మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలోనే ఉంది. ఇది గుండ్రని బంతి ఆట గనుక రిసీవర్ అనే స్థానం ఇక్కడ లేదు. కొత్తవానిని ఎప్పుడు నమ్మాలన్న చిక్కు మాత్రం అదే. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవాడు. 1943 నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఈ మధ్య 2024లో వచ్చిన 'మైదాన్' చలనచిత్రం పుణ్యమా అని ఆయన పేరు కొత్త తరానికి కొంత తెలిసింది. అయితే సినిమాకు ఎక్కని పని ఒకటి ఆయన చేశాడు. కుర్రవాళ్ల కోసం విచిత్రమైన పోటీలు పెట్టించాడు. ఒకదానిలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు, రాగానే మరొకరికి అందించాలి. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఎడమకాలితో తన్నలేనివాడు అక్కడ వందసార్లు తప్పు తన్నుతాడు, అందరూ తన్నుతారు, ఎవరి పేరూ పోదు. చూసేవానికి మాత్రం ఎవరు త్వరగా నేర్చుకుంటున్నారో తెలిసిపోతుంది. తప్పును చౌక చేయడం, చౌకగా జరుగుతున్న తప్పును జాగ్రత్తగా గమనించడం అన్న రెండు పనులూ ఒకే ఏర్పాటులో సాధ్యమయ్యాయి. ఓడిపోతే కప్పు పోయే ఆటలోనే మనిషిని పరీక్షించవలసిన అగత్యం ఆయనకు తగ్గింది.

సికింద్రాబాదు పొలిమేరలోని అమ్ముగూడలో పేదకుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంను ఆయన గుర్తించిన తీరు కూడా ఇందుకు తగినట్లే ఉంది. శిబిరానికి రానుపోను ఖర్చు పెట్టుకొనే స్తోమత ఆ కుర్రవానికి లేదని తెలిసి రహీం తానే అందుకు ఏర్పాటు చేశాడని హైదరాబాదు క్రీడాభిమానులు చెప్పుకుంటారు. అర్హత ఉన్నవారందరూ రావచ్చని ప్రకటించి ఊరుకుంటే, బస్సు చార్జీ ఉన్నవారే వస్తారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. అప్పటికి అతనికి సుమారు ఇరవై ఏళ్లు.

అదే రహీం 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఇందుకు విరుద్ధంగా ప్రవర్తించినట్లు కనిపిస్తుంది. థాయ్‌లాండ్‌తో ఆటలో తలకు గాయమై కుట్లు పడిన రక్షక శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్‌ను, వెనుక ఆడించడం ప్రమాదమని, ముందు వరుసకు మార్చి ఆడించాడు. జ్వరం వల్ల కొన్ని ఆటలకు దూరమైన పీటర్ తంగరాజ్‌ను చివరి ఆటకు తిరిగి పిలిచి గోలు కాయమన్నాడు. నడుమ ఆటలలో ఆ పని చక్కగా చేసిన ప్రద్యుత్ బర్మన్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండవది గాయపడిన జర్నైల్‌ది. ఇది యువతరం పట్ల అపనమ్మకమా? కాదనుకుంటాను. లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ, మళ్లీ రాని ఆటలో, తప్పు చౌక కాదు. ఏడాదంతా చౌక తప్పులకు చోటు ఇచ్చినవానికే, ఆ ఒక్క రోజున అనుభవాన్ని ఎంచుకొనే నైతికాధికారం ఉంటుంది. ఏడాదంతా అనుభవాన్నే ఎంచుకున్నవాడు కూడా ఆ రోజు అదే చేస్తాడు. ఇద్దరి నిర్ణయమూ ఒకటిగా కనిపించినా ఒకటి కాదు. బర్మన్‌కు ఆ రోజు ఎలా ఉన్నదన్నది మాత్రం విడిగా ఆలోచించవలసిన సంగతే. న్యాయమైన నిర్ణయం కూడా ఒకరికి బాధ కలిగించవచ్చు.

పరిపాలనలో ఈ చౌక తప్పుల చోటు ఎక్కడ ఉంది? శిక్షణ ముగించుకొన్న యువ అధికారికి ఒక సబ్‌డివిజన్‌ను అప్పగించే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆలోచించి చూస్తే అది సాహసమే. అయితే అతని పైన కలెక్టరు ఉంటాడు, కింద పాతికేళ్లు రెవెన్యూ పని చేసిన తహసీల్దారు ఉంటాడు, పొరపాటు ఉత్తర్వు మీద అప్పీలు ఉంటుంది. వెన్నంటి వచ్చేవారు ఉన్న వ్యూహప్రవేశం అది. కింది స్థాయి ఉద్యోగి విషయంలో ఇటువంటి ఏర్పాటు అరుదు. అతనికి పని నేర్పేవారు ఉండరు, తప్పు చేస్తే మెమో ఉంటుంది. అందువల్ల అతడు నిర్ణయం తీసుకోకుండా ఫైలును పైకి పంపడం నేర్చుకుంటాడు. చొరవ లేదని తరువాత మనమే విసుక్కుంటాము.

ఇటువంటి చోట సీనియారిటీ సూత్రం ఆశ్రయంగా కనిపిస్తుంది. దానిలో పక్షపాతం లేదు, నిజమే. నిర్ణయం కూడా లేదు. ఎవరిని నమ్మాలన్న ప్రశ్నను క్యాలెండరుకు అప్పగించి మనం తప్పుకుంటాము. ప్రతిభ పేరిట అధికారి తనకు నచ్చినవారిని ఎత్తుకొనే ప్రమాదం ఉన్నచోట ఆ సూత్రానికి విలువ లేకపోలేదు. అయితే దాన్ని న్యాయం అనుకోకూడదు, అన్యాయం నుంచి కాపాడే గొడుగు అనుకోవచ్చు. అమెరికా శిక్షకునికి ఈ గొడుగు లేదు. కూర్చోబెట్టినవానికి ఎందుకు కూర్చోబెట్టాడో చెప్పక తప్పదు. నీ మలుపు ఒక అడుగు ముందవుతున్నది, అది సరిచేసుకో అని. ఆ ఒక్క మాటకు ఎంత విలువ ఉన్నదో, కారణం తెలియకుండా ఏళ్లు గడిపినవారికి తెలుస్తుంది. మన కార్యాలయాలలో అవకాశం నిరాకరించడానికి ఉత్తర్వు అవసరం లేదు, కారణం రాయవలసిన పని లేదు; మౌనం చాలు. మరో జట్టుకు మారిపోయే వీలు కూడా ఇక్కడ లేదు.

ఇంతవరకు కొత్తవానిని గురించే మాట్లాడాము. రైస్ 1985లో ఎవరి స్థానంలోకి వస్తున్నాడో ఆ మనిషి పేరు ఫ్రెడ్డీ సాలమన్. టాంపా విశ్వవిద్యాలయంలో అతడు ఆడింది క్వార్టర్‌బ్యాక్‌గా. 1975లో మయామీ జట్టు అతన్ని తీసుకొని రిసీవర్‌గా మార్చింది. అంటే ఒకనాడు అతడూ రుజువు లేని రిసీవరే. 1982లో క్లార్క్ ఎగిరి పట్టిన ఆ ప్రసిద్ధమైన బంతి నిజానికి సాలమన్ కోసం ఉద్దేశించిన పంథాలోది. అతని కాలు జారడంతో క్వార్టర్‌బ్యాక్ క్లార్క్ వైపు చూశాడు. రైస్ వచ్చిన ఏడాది సాలమన్ అతన్ని చేరదీసి మెళకువలు నేర్పాడు. తన చోటు ఆక్రమించబోయేవానికి నేర్పమని ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. ఆ సీజన్ ముగియగానే ఆట విరమించి టాంపాకు తిరిగి వెళ్లాడు. అక్కడి షెరీఫ్ కార్యాలయంలో పనిచేస్తూ, 2012లో క్యాన్సర్‌తో మరణించేవరకు, ఆ ఊరి పేటలలోని పిల్లలను చేరదీస్తూ గడిపాడు.